నీళ్ల కింద నగరం: గాలి ఎవరి చేతిలో ఉంది?

డ్యూటీ దిగి రూముకొచ్చి వింటున్న అన్నలకీ, తమ్ముళ్లకీ, ఇళ్లల్లో పనిచేస్తున్న అక్కచెల్లెళ్లకీ ఈ మాటలు.

ఈ వారం కథల ముచ్చట. సైబర్‌పంక్ అని ఒక రకం కథలున్నాయి. 1983లో అచ్చయిన తన కథకి అమెరికా రచయిత బ్రూస్ బెత్కీ పెట్టుకున్న పేరు అది. తర్వాత ఆ రకం కథలన్నిటికీ అదే పేరయింది. వాటిలో మిషన్లు గొప్పగా ఉంటాయి, రాజ్యం కంపెనీలది, మనిషి బతుకు చవక. అలాంటి కథని సముద్రం అడుగున పెడితే ఎట్లుంటది?

మోరీన్ మెక్‌హ్యూ అనే అమెరికా రచయిత్రి 1994లో 'హాఫ్ ది డే ఈజ్ నైట్' అనే నవల రాశారు. కరీబియన్ సముద్రం లోపల కరీబ్ అని ఒక దేశం. అక్కడ ఒక బ్యాంకు మేడమ్ దగ్గర సెక్యూరిటీ పనికి డేవిడ్ దాయ్ అనే మాజీ సైనికుడు పరదేశం నుంచి వస్తాడు. మనోళ్లు ఎంతమంది చేస్తున్న పని అది! గొడవలు ముదిరాక అతనికి తెలిసొస్తుంది: లోపలికి రావడం తేలికే, బయటపడటమే కష్టం.

2007లో వచ్చిన 'బయోషాక్' వీడియో గేమ్‌లోనూ అంతే. రాప్చర్ అనే నగరాన్ని ఒక కోటీశ్వరుడు సముద్రం అడుగున కట్టిస్తాడు. ఎవరైనా పైలోకంతో సంబంధం పెట్టుకుంటే నేరం.

నేను సైటు మనిషిని కాబట్టి నాకు వేరే ప్రశ్నలొస్తాయి. ఆ గోడలు ఎవరు కట్టారు? పంపు ఆగితే ముందు మునిగేది ఎవరు? దీనికి జవాబు కథల్లో వెతకక్కర్లేదు, న్యూయార్క్‌లోనే ఉంది.

బ్రూక్లిన్ బ్రిడ్జి పని 1870లో మొదలైంది. మన దగ్గర వంతెనలకి బావులు దింపుతారు చూడండి, అలాంటిదే. నది అడుగున పెద్ద చెక్క పెట్టెని బోర్లించి, నీళ్లు రాకుండా లోపలికి గాలి ఒత్తిడితో కొట్టి, మనుషుల్ని దింపి మట్టి తవ్వించారు. దిగినవాళ్లలో చాలామంది ఐర్లాండ్, జర్మనీ నుంచి వలస వచ్చిన కూలీలు. మొదట్లో రోజుకి 2 డాలర్లు.

ఒత్తిడిలో ఉన్నంతసేపు నైట్రోజన్ రక్తంలో కరుగుతుంది. గబుక్కున పైకొస్తే, సోడా సీసా మూత తీసినట్టు బుడగలు కడుతుంది. కీళ్ల నొప్పులు, పక్షవాతం, ఒక్కోసారి చావు. మాన్‌హటన్ వైపు 110 కేసులు చూశానని అక్కడి డాక్టర్ ఆండ్రూ స్మిత్ రాశారు. మనుషులు చనిపోయాక, 1872లో చీఫ్ ఇంజినీర్ వాషింగ్టన్ రోబ్లింగ్ సుమారు 78 అడుగుల దగ్గర తవ్వకం ఆపించారు. ఆ జబ్బు ఆయన్నీ వదల్లేదు. 1883లో బ్రిడ్జి తెరిచారు.

అందుకే ఈ కథలు మనవి అంటాను. నీళ్ల కింద గాలి యజమానిది, తలుపు యజమానిది. మన దగ్గర ఆ తలుపు పేరు పాస్‌పోర్టు.

కాబట్టి రెండు మాటలు. పాస్‌పోర్టు, వీసా, అగ్రిమెంటు ఫొటోలు ఫోన్లో పెట్టుకోండి, ఇంటికీ ఒక కాపీ పంపండి. ఎంబసీ నంబరు సేవ్ చేసుకోండి. రెండోది, మ్యాన్‌హోల్ గానీ ట్యాంకు గానీ, గ్యాస్ టెస్ట్ లేకుండా దిగొద్దు. అమెరికా భద్రతా నిబంధనల్లో ఆక్సిజన్ 19.5 శాతం కన్నా తగ్గితే ప్రమాదమే. పైన ఒక మనిషి కాపలా ఉండాలి. "ఐదు నిమిషాల పనే కదా, దిగు" అని ఏ ఫోర్‌మన్ అన్నా, "మీటర్ చూపించు అన్నా" అనండి. నాలాంటి సూపర్‌వైజర్ అన్నా సరే, అదే మాట అనండి.

జాగ్రత్త. వచ్చే వారం కలుద్దాం.