తాపీ పట్టిన మహిళలు

మన ఊళ్ళో ఏ ఇల్లు కడుతున్నా ఇటుకలు మోసేది, మాలు అందించేది ఎక్కువగా ఆడకూలీలే. గోడ కట్టేది మాత్రం మేస్త్రి. ఏళ్ళ తరబడి అదే పనిలో ఉన్నా ఆమె కూలీగానే మిగిలిపోవడం అన్యాయం. ఆమెకు తాపీపని నేర్పేవాళ్ళే కరువయ్యారు.

జార్ఖండ్‌లో మాత్రం స్వచ్ఛ భారత్ మరుగుదొడ్ల కోసం స్వయం సహాయక సంఘాల మహిళలకు ఈ పని నేర్పారు. రాణీ మిస్త్రీలని వాళ్ళకు పేరొచ్చింది. రెండు గుంతల మరుగుదొడ్డి కట్టడం తేలికేం కాదు. నీరు ఇంకడానికి గుంత గోడలో ఇటుకకూ ఇటుకకూ మధ్య సందులు వదలాలి. పైగోడ తూకం గుండుకు సరిగ్గా నిలవాలి. అదంతా వాళ్ళు చేసి చూపించారు!

మన దగ్గరా ఈ శిక్షణ ఇవ్వాలి. నేర్చుకునే రోజుల్లో కూలి పోతుంది, కాబట్టి భత్యం తప్పనిసరి. పసిపిల్లల సంగతీ చూడాలి. 50 మందికి మించి మహిళలు పనిచేసే నిర్మాణ స్థలంలో ఆరేళ్ళలోపు పిల్లలకు గది ఉండాలని 1996 నాటి చట్టమే చెప్పింది. శిక్షణ కేంద్రాల్లోనూ ఆ ఏర్పాటు ఉంటే ఎందరో తల్లులు ముందుకొస్తారు.

ఇల్లు కట్టించుకునేవారికి నా విన్నపం ఒకటే. పని నేర్చిన మహిళకు పని అప్పగించండి, మేస్త్రికిచ్చే కూలే ఆమెకూ ఇవ్వండి.