కొర్రకోడు జలాశయంలో గాలాలు
(సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



2024 డిసెంబరులో ఒక శనివారం మేం నలుగురు మిత్రులం గాలాలు పట్టుకుని కూడేరు మండలం కొర్రకోడు దగ్గరి పెన్న అహోబిలం జలాశయానికి వెళ్లాం. సాలుకు సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే మన జిల్లాలో కనుచూపు మేర నీళ్లు! మత్స్యకారుల సొసైటీ వారిని అడిగే గాలం వేశాం లెండి. రెండు రోజులకు చిక్కినవి మూడు జిలేబీలు. తినే స్వీటు కాదు, చేప పేరే అది.

ఆదివారం పుట్టిలో ఒడ్డుకొచ్చిన మత్స్యకారుడొకరు మాటల్లో చెప్పాడు: "ఆగస్టు 10 రాత్రి హొస్పేట డ్యాం 19వ గేటు కొట్టకపోయిందంటే మా ఇంట్లో పొయ్యి ఎలగలేదు సార్."

ఈ జలాశయానికి ప్రధాన ఆధారం తుంగభద్ర ఎగువ కాలువ నీరే. బొచ్చె, రోహు నిలవ నీటిలో గుడ్లు పెట్టవు. పిల్లలను కొనితెచ్చి వదలాలి. కాలువ రాకుంటే ఆ డబ్బు కూడా నీళ్లపాలే, నీళ్లుంటే కదా!

వరద పారుతుండగానే, వారం రోజుల్లో, ఆ ఖాళీలో స్టాప్‌లాగ్‌లు దింపించిన నిపుణుడు కన్నయ్యనాయుడు గారు మనలాగే రిటైరైన ఇంజనీరని చెప్పాను. అతను రెండు కిలోల బొచ్చెను మా సంచీలో వేసి, ఎంత చెప్పినా డబ్బు పుచ్చుకోలేదు.

పులుసు మాత్రం మా మిత్రుడింట్లో కుదిరింది. సెలవు.