పురుడూ మైలా ఒకే వారంలో



స్మారకోపన్యాసమంటే పోయినవాళ్ల గుణగణాలు చెప్పి, ఫొటోకు దండ వేసి, టీ తాగి వెళ్లడం మనకు అలవాటు. నేను పోయినవాళ్ల గురించి కొంచెమే చెబుతాను. ఆ ఇళ్లలో అప్పటికి కడుపుతో ఉన్న ఆడవాళ్ల గురించి, భూమ్మీద పడకముందే తండ్రి దూరమైన పిల్లల గురించి మాట్లాడాలని వచ్చాను.

2015 ఏప్రిల్ 1 అర్ధరాత్రి సూర్యాపేట బస్టాండులో పోలీసులు బస్సులు తనిఖీ చేస్తున్నారు. ప్రయాణికుల్లో ఉన్న ఇద్దరు తుపాకులు తీసి కాల్చారు. కానిస్టేబుల్ లింగయ్య, హోంగార్డు మహేశ్ చనిపోయారు. ఇన్‌స్పెక్టర్ మొగిలయ్య గాయపడ్డారు. దారిదోపిడీ దొంగలనే అందరూ అనుకున్నారు మొదట. 2013 అక్టోబరులో మధ్యప్రదేశ్‌లోని ఖండ్వా జైలు నుంచి తప్పించుకున్న, నిషేధిత సంస్థ సిమీ మనుషులని తర్వాత తేలింది. 4వ తేదీన మోత్కూరు మండలం జానకీపురం దగ్గర ఎదురుకాల్పులు జరిగాయి. ఆ ఇద్దరూ హతమయ్యారు. కానిస్టేబుల్ నాగరాజు ప్రాణం పోయింది. ఆత్మకూరు(ఎం) ఎస్సై సిద్దయ్యను తీవ్ర గాయాలతో హైదరాబాద్ తరలించారు. 7వ తేదీన ఆయన కన్నుమూశారు.

సిద్దయ్యది జడ్చర్ల. అప్పటి నల్లగొండ జిల్లాలో తగిలిన తూటాకు పాలమూరు (మహబూబ్‌నగర్) జిల్లాలో ఏడుపు లేచింది. భార్య అప్పటికి నిండు చూలాలు. ఆయన ఆస్పత్రిలో మృత్యువుతో పోరాడుతున్న ఆ రోజుల్లోనే ఆమెకు కాన్పయింది. తల్లి పేరు, బిడ్డ పేరు నేను చెప్పను. అప్పుడు కెమెరాలు చూపించిందే చాలు.

అదే 7వ తేదీన అప్పటి నల్లగొండ జిల్లాలోనే ఆలేరు దగ్గర, వరంగల్ జైలు నుంచి కోర్టుకు తీసుకెళ్తున్న విచారణ ఖైదీలు ఐదుగురు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. దాని మీద ప్రశ్నలు లేచాయి, లేవాలి కూడా. కానీ ఆ వాదోపవాదాల గోలలో జడ్చర్ల ఇల్లు వెనకపేజీకి పోయింది. అటు న్యాయం అడిగినవాళ్లకూ, ఇటు ప్రతీకారం అన్నవాళ్లకూ ఆ బాలింత గుర్తు రాలేదు.

మనకిది కొత్త కథ కాదు. భారతంలో ఉత్తర ఉంది కదా. అభిమన్యుడు పడిపోయేనాటికి ఆమె గర్భవతి. యుద్ధం అయిపోయిందనుకున్న రాత్రి అశ్వత్థామ శిబిరంలో నిద్రపోతున్నవాళ్లను చంపాడు, అది చాలక అస్త్రాన్ని ఉత్తర గర్భం మీదికి మళ్లించాడు. నిద్రలో ఉన్నవాణ్ని, పుట్టనివాణ్ని గురిచూసే యుద్ధనీతిని ఆ కథ ఎన్నడో శపించి వదిలింది. అయితే నాకు ఒక ఫిర్యాదుంది. బతికి బట్టకట్టిన పరీక్షిత్తు రాజ్యం ఏలిన సంగతి, పాము కాటుకు పోయిన సంగతి మనకు కంఠస్థం. ఉత్తర ఆ బిడ్డను ఎట్లా పెంచిందో పురాణం చెప్పేవాళ్లెవరూ సాగదీసి చెప్పరు.

తండ్రి దగ్గర లేకుండా కాన్పులు కావడం పాలమూరుకు కొత్తేమీ కాదు. ముంబైకో పుణెకో వలసపోయినవాడు పండక్కి వచ్చి బిడ్డను మొదటిసారి ఎత్తుకుంటాడు. అక్కడ ఎదురుచూపుకు ఒక గడువుంది. ఈ ఇళ్లలో అది లేదు.

ఇక మన వాకిళ్లలో జరిగేది చూడండి. చావు మైలా పురిటి మైలా ఒకే ఇంట్లో ఒకే వారంలో పడితే, పెద్దమనుషులు కూర్చుని ఏది ముందు తీరుతుందో లెక్కలు వేస్తారు. పదోనాడు బాలింతను పీట మీద కూర్చోబెడతారు. కుట్లు ఇంకా మానలేదు. ఒళ్లో బిడ్డ పాలకు ఏడుస్తుంటుంది. గాజులు పగలగొట్టాలి, మెట్టెలు తీయాలి, బొట్టు చెరపాలి. చేసేది కూడా ఆడవాళ్లే, ఒక ముసలామె పక్కన నిలబడి వరస చెబుతుంది. శాస్త్రం పేరు చెప్పి ఒక పచ్చి బాలింతను ఇట్లా కూర్చోబెట్టడం క్రూరత్వం. దీన్ని మానేసిన కుటుంబాలున్నాయి, వాళ్లకేమీ కాలేదు. అంతకంటే చెడ్డది ఏ మూల నుంచో వినిపించే మాట: ‘తండ్రిని మింగి పుట్టిండు’. ఆ బిడ్డ ఎవరినీ మింగలేదు. కాల్చినవాళ్లకు పేర్లున్నాయి, కేసు నంబరుంది.

లెక్కల్లోకి వద్దాం. చట్టం గర్భంలోని బిడ్డను మరవలేదు. 1956 హిందూ వారసత్వ చట్టం 20వ సెక్షన్ ప్రకారం, తండ్రి వీలునామా రాయకుండా చనిపోయేనాటికి కడుపులో ఉండి తర్వాత ప్రాణంతో పుట్టిన బిడ్డకు, ముందే పుట్టిన బిడ్డతో సమానంగా హక్కుంటుంది. తీవ్రవాద దాడుల్లో చనిపోయిన పౌరుల కుటుంబాలకు కేంద్రం ఇచ్చే సాయం 3 లక్షలుండేది, 2016లో 5 లక్షలు చేశారు. పోలీసు కుటుంబాలకు పరిహారం, పింఛను, కారుణ్య నియామకం ఉంటాయి. అయితే ఇందులో మెట్లున్నాయి. హోంగార్డుకు ఉండేది డ్యూటీ చేసిన రోజుకు ఇచ్చే భత్యం, రెగ్యులర్ కొలువు కాదు. సూర్యాపేట బస్టాండులో తూటా లింగయ్యను, మహేశ్‌ను ఒకే తీరుగా తాకింది. వాళ్లు చేసిన కొలువులు మాత్రం ఒక తీరువి కావు. ఈ తేడా సిగ్గుచేటని ఈ వేదిక మీంచి చెప్పకపోతే ఇంకెక్కడ చెప్పాలి?

డబ్బు తర్వాత ఏమిటన్నది అసలు ప్రశ్న. 2001 సెప్టెంబర్ 11 దాడుల్లో భర్తలను కోల్పోయిన గర్భిణులకు ఆ తర్వాతి నెలల్లో వందమందికి పైగా పిల్లలు పుట్టారు. న్యూయార్కులో బియాట్రిస్ బీబీ అనే మనస్తత్వవేత్త, ఆమె తోటివాళ్లు అట్లాంటి తల్లులకూ పసిపిల్లలకూ ఉచితంగా ఏళ్ల తరబడి అండగా ఉన్నారు. తల్లీబిడ్డా ఆడుకుంటుంటే వీడియో తీసి, తల్లితో కలిసి కూర్చుని చూసేవారు. బిడ్డ నవ్వినప్పుడు దుఃఖంలో ఉన్న తల్లి ముఖం ఎటు తిరుగుతోంది, బిడ్డ దాన్ని ఎట్లా పట్టుకుంటోంది అని నెమ్మదిగా మాట్లాడుకునేవారు. ఇందులో ఖరీదైన యంత్రమేదీ లేదు. ఓపిక ఉన్న మనుషులు, వాళ్లు మళ్లీ మళ్లీ రావడం, అంతే.

మనకూ ఇంటికొచ్చే మనిషి ఉంది. ఆస్పత్రిలో కాన్పయిన బాలింత ఇంటికి ఆశా కార్యకర్త 42 రోజుల్లో ఆరుసార్లు వెళ్లాలని పథకంలోనే ఉంది. బిడ్డ బరువు చూస్తుంది, బొడ్డు చూస్తుంది, జ్వరమా అని అడుగుతుంది. ‘రాత్రి నిద్ర పడుతోందా అక్కా, బిడ్డను ఎత్తుకోబుద్ధవుతోందా?’ అని అడగడం కూడా ఆమెకు నేర్పాలి. జవాబు విని జిల్లా ఆస్పత్రి మానసిక వైద్యులకు చెప్పే దారి ఉండాలి. పోలీసు శాఖ కూడా పరిహారం ఫైలు కట్టేసి ఊరుకోకుండా, ఒక మహిళా ఉద్యోగికి ఆ ఇంటి బాధ్యత అప్పగించి, బిడ్డ బడిలో చేరేదాకా వెళ్లి రమ్మనాలి. బడి దరఖాస్తులో తండ్రి పేరు ముందు ‘లేట్’ అని ఆ తల్లి తన చేత్తో రాసే రోజున పక్కన ఎవరైనా ఉండాలి.

ఏటా అక్టోబర్ 21న పోలీసు అమరుల దినం జరుపుకుంటాం. 1959లో లడఖ్‌లోని హాట్ స్ప్రింగ్స్ దగ్గర చైనా సైన్యం కాల్పుల్లో పడిపోయిన పదిమంది జవాన్ల గుర్తుగా వచ్చిన రోజది. జిల్లా పరేడ్ మైదానంలో పేర్లు చదువుతారు, తుపాకులు తలకిందులు చేసి మౌనం పాటిస్తారు. ఆ ఇళ్లకు వెళ్లి తల్లీబిడ్డల మంచిచెడ్డలు కనుక్కునే పని కూడా అదే రోజున పెట్టుకోవాలని ఆ ఇళ్లున్న జిల్లాల అధికారులను కోరుతున్నాను. అది వాళ్ల పని. మీకూ ఒక పని ఉంది. ‘మింగి పుట్టిండు’ అన్న మాట మీ వీధిలో ఎవరి నోటైనా వినబడితే, ఎంత పెద్దవాళ్లయినా సరే, అక్కడికక్కడే ఆపండి.