పాడుబడ్డ నగరాలు, గూడులేని మనుషులు

ఈ ఉపన్యాసం ఎవరి పేరిట జరుగుతోందో ఆ మాస్టారు జీవితమంతా పురపాలన గురించే పాఠాలు చెప్పారు. అందుకే ఇవాళ ఊళ్ళ సంగతే మాట్లాడతాను.

అమెరికాలో పిల్లల దగ్గర కొన్నాళ్ళుండి వచ్చినవారు ఈ సభలో చాలామందే ఉంటారు. శాన్‌ఫ్రాన్సిస్కో పేవ్‌మెంట్ల మీద గుడారాలు చూసి వచ్చి, ‘అంత డబ్బున్న దేశానికి ఇదేం ఖర్మ’ అంటారు. డబ్బు పోగుపడ్డ చోటే గుడారాలు ఎక్కువన్నది మాత్రం గమనించరు.

డబ్బు పోయిన చోటు ఎలా ఉంటుందో డెట్రాయిట్‌లో చూడండి. 1950లో ఆ నగర జనాభా 18 లక్షల 49 వేలు. 2020 నాటికి మిగిలింది 6 లక్షల 39 వేలు. కార్ల ఫ్యాక్టరీలు తరలిపోయాయి. తెల్లవాళ్ళు శివారు పేటలకు చేరారు. 1967 అల్లర్ల తర్వాత ఆ వలస జోరందుకుంది. పన్ను కట్టేవాళ్ళు పోయారు గానీ, 18 లక్షల మంది కోసం వేసిన నీటి గొట్టాలూ రోడ్లూ ఎక్కడికి పోతాయి? 2013 జూలైలో నగరం దివాలా పిటిషన్ వేసింది. పన్ను బకాయిల కింద జప్తయిన ఇళ్ళకు వేలంలో పాట 500 డాలర్ల నుంచి మొదలయ్యేది. నగరం చితికిపోవడమంటే అదీ. అయినా జనాభాతో పోల్చి చూస్తే శాన్‌ఫ్రాన్సిస్కో కంటే అక్కడ నిరాశ్రయులు చాలా తక్కువ. ఎనిమిది లక్షల పైచిలుకు జనమున్న శాన్‌ఫ్రాన్సిస్కోలో 2024 జనవరి లెక్కకు తేలినవారు 8 వేలు దాటారు.

మత్తుమందులే కారణమంటారా? మత్తుమందుల చావుల్లో ఏళ్ళ తరబడి ముందున్న రాష్ట్రం వెస్ట్ వర్జీనియా. నిరాశ్రయుల లెక్కలో అది కాలిఫోర్నియా దరిదాపుల్లో కూడా లేదు. గ్రెగ్ కోల్‌బర్న్, క్లేటన్ ఆల్డర్న్ 2022లో తెచ్చిన పుస్తకం ఈ చిక్కును విప్పింది. ఫలానా మనిషి ఎందుకు వీధిన పడ్డాడంటే జబ్బో, మత్తో, తెగిన సంసారమో కారణం కావచ్చు. ఒక ఊళ్ళో అంతమంది ఎందుకు పడ్డారంటే అద్దెలు చూడాలి, ఖాళీ ఇళ్ళు చూడాలి. చవక గది దొరికే ఊళ్ళో తాగుబోతు కూడా గదిలోనే పడుకుంటాడు. అలాంటి గదులు ఒకప్పుడు పెద్ద నగరాల్లోనూ ఉండేవి; మన పాత లాడ్జీల్లా, స్నానాల గది నలుగురికీ ఒకటే. న్యూయార్క్ 1955లో కొత్తవి కట్టడాన్నే నిషేధించింది. ఉన్నవాటిని తర్వాత అపార్ట్‌మెంట్లు మింగేశాయి.

మరి చిన్న ఊళ్ళు? ఆరెగాన్ రాష్ట్రంలో గ్రాంట్స్ పాస్ అనే పట్టణం ఉంది, జనాభా 40 వేల లోపు. పార్కులో దుప్పటి పరుచుకుని పడుకుంటే అక్కడ 295 డాలర్ల జరిమానా వేసేవారు. అది కట్టగలిగినవాడు పార్కులో ఎందుకు పడుకుంటాడని ఎవరూ అడగలేదు కాబోలు. వివాదం అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2024 జూన్‌లో ఆరుగురు న్యాయమూర్తులు పట్టణం పక్షాన, ముగ్గురు ఎదురు నిలిచారు. ఈ సమస్య మీద దశాబ్దాల్లోకెల్లా పెద్ద తీర్పు ఏ లాస్ ఏంజెలెస్ నుంచో రాలేదు, ఇలాంటి పట్టణం నుంచి వచ్చింది.

చిన్న ఊళ్ళో గుడారం అంతగా కనబడదు. అక్కడివాళ్ళు కార్లో పడుకుంటారు, అడవి అంచున మకాం వేస్తారు, ఈ నెల అక్క ఇంట్లో, వచ్చే నెల స్నేహితుడి సోఫా మీద గడుపుతారు. ఆ దేశ గృహనిర్మాణ శాఖ జనవరిలో ఒక రాత్రి లెక్క తీస్తుంది. 2024లో దేశమంతటా తేలింది 7 లక్షల 71 వేలు. బంధువుల ఇంట్లో సర్దుకున్నవారు అందులో రారు. విద్యాశాఖ మాత్రం 1987 నాటి చట్టం ప్రకారం అలాంటి పిల్లల్నీ లెక్కేస్తుంది. ఏడాది పొడవునా చూసి బడిపిల్లలే పది లక్షలు దాటారంటుంది. ఒకటి ఒక్క రాత్రి లెక్క, రెండోది ఏడాది లెక్క. నేరుగా పోల్చకూడదు, నిజమే. కానీ చిన్న పట్టణాల నిరాశ్రయులు కాస్తయినా కనబడేది ఈ రెండో లెక్కలోనే.

మన దగ్గరా ఒక్క రాత్రి లెక్కే. 2011 ఫిబ్రవరి 28 రాత్రి జనగణన సిబ్బంది ఫ్లైఓవర్ల కిందా, రైల్వే ప్లాట్‌ఫారాల మీదా, గుడి మండపాల్లోనూ వెతికారు. తేలింది 17 లక్షల 70 వేల పైన. 2001తో పోలిస్తే పల్లెల్లో తగ్గారు, పట్టణాల్లో 9 లక్షలు దాటారు. అదే జనగణనలో పట్టణాల్లో ఖాళీగా పడున్న ఇళ్ళు కోటీ పది లక్షలు. డెట్రాయిట్‌లో ఇళ్ళు కొనేవాడు లేక ఖాళీ. మన నగరాల్లో చాలా ఇళ్ళు కొన్నవాడికి అద్దె అవసరం లేక ఖాళీ.

2010లో మన సుప్రీంకోర్టు పట్టణాల్లో లక్ష జనాభాకొక రాత్రి బస ఉండాలంది. మంచి మాటే. కొలత లక్షల్లో పెట్టాక, 60 వేల జనాభా ఉన్న పురపాలక సంఘంలో ‘మనకెందుకండీ’ అనే కౌన్సిలర్‌కు జవాబు చెప్పడం కష్టం. లెక్క చూపిద్దామన్నా కుదరదు; పెదనాన్నగారి అరుగు మీద ఆరు నెలలుగా పడుకుంటున్నవాడు 2027 జనగణనలోనూ ఆ ఇంటి మనిషిగానే నమోదవుతాడు.