పింఛను వచ్చే ఇల్లు, రాని ఇల్లు

(మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతముల సంఘ పెద్దల సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



శతజయంతి సంవత్సరము గనుక మన పెద్దలు కట్టిన ఆలయములను గూర్చి, బడులను గూర్చి చాలామంది మాట్లాడుతున్నారు. మాట్లాడవలసినదే. నాకిచ్చిన అంశము వేరు. వృద్ధులకు, వికలాంగులకు ప్రభుత్వము మన ఊరి సచివాలయము ద్వారా, పంచాయతీ, మునిసిపాలిటీల ద్వారా ఇస్తున్న ఆసరాను గూర్చి చెప్పమన్నారు. ఇది ఆఫీసు విషయము గదా, ఆత్మీయ కూటములో ఎందుకని ఒకరిద్దరు అడిగినారు. అపొస్తలుల కార్యములలో ఆరవ అధ్యాయము తీసి చదువుకొనమన్నాను. ఆది సంఘములో లేచిన సణుగు, అనుదిన పరిచర్యలో కొందరు విధవరాండ్రకు వంతు అందలేదని. వారు గ్రీకు భాష మాట్లాడే ఇండ్లవారు. అపొస్తలులు ఆ మాట విని ఊరుకోలేదు. ఆ పనికి ఏడుగురిని పేరు పెట్టి నియమించినారు. ఈ సంగతి జ్ఞాపకముంచుకొనండి, మరల దానికి వస్తాను.

ముందు లెక్క చూతము. 1995 ఆగస్టు 15న కేంద్ర ప్రభుత్వము జాతీయ వృద్ధాప్య పింఛను ప్రారంభించినప్పుడు నెలకు 75 రూపాయలు, అదీ 65 ఏండ్లు నిండిన నిరుపేదలకు. తరువాత కేంద్రపు వంతు 200 అయి, 80 దాటినవారికి 500 అయి, అక్కడే నిలిచిపోయినది. మిగిలినదంతా రాష్ట్రము పెడుతున్నది. 2014 అక్టోబరులో ఎన్.టి.ఆర్. భరోసా పేర వెయ్యి, 2019 జనవరిలో రెండు వేలు. ఆ ఏడే ప్రభుత్వము మారి వై.ఎస్.ఆర్. పింఛను కానుక అయినది; వయస్సు 65 నుండి 60కి తగ్గినది; మొత్తము 2250తో మొదలై 2024 జనవరికి మూడు వేలకు చేరినది. 2024 జూలై 1 నుండి మరల ఎన్.టి.ఆర్. భరోసాగా వృద్ధులకు, వితంతువులకు 4000, వికలాంగులకు 6000, పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి 15000 రూపాయలు.

ఏ పార్టీ ఎక్కువ ఇచ్చినదన్న వాదము చెప్పులతోపాటు గుమ్మము బయట విడువండి. నేను చెప్పదలచినది ఇది. 75 రూపాయల రోజులలో పింఛను వచ్చే ఇంటికి, రాని ఇంటికి తేడా కొంచెమే. ఈనాడు అదే వీధిలో ఒక అవ్వకు ఏటా 48 వేలు వస్తున్నవి, పక్కింటి అవ్వకు ఏమీ రావడము లేదు. ఒకామె బియ్యము, బి.పి. మాత్రలు తన డబ్బుతో కొనుక్కొంటున్నది, మనుమడికి మిఠాయి కొనిపెడుతున్నది, కోడలి యెదుట ఆమె మాటకు విలువ ఉన్నది. రెండవ ఆమె తట్టలో ఎంత పెడితే అంత. ఇద్దరూ ఆదివారము ఒకే బల్ల మీద కూర్చొని ఒకే పాట పాడుతున్నారు. ఈ తేడా మనకు తెలియక కాదు, దానిని మన పనిగా ఎంచలేదు.

క్రిస్మసుకు విధవరాండ్రకు చీరెలు పంచి ఫోటో తీయించుకొంటాము. చీరె మంచిదే, వద్దనను. కాని ఏ పాస్టరేటు ఖజానా ఒక విధవరాలికి ఏటా 48 వేలు, ఒక వికలాంగ సహోదరునికి 72 వేలు ఇవ్వగలదు? ఇవ్వలేదు. అర్హులై ఉండి అది అందని ఒక్క మనిషికి దానిని మంజూరు చేయించుటకు కావలసినది మాత్రము నాలుగైదు పూటల తిరుగుడు.

పింఛను ఇప్పుడు గుమ్మము దగ్గరకే వస్తున్నదని మీరనవచ్చును. నిజమే. 2020 ఫిబ్రవరి నుండి వాలంటీర్లు ఇంటికి తెచ్చి ఇచ్చినారు. 2024 జూలై నుండి సచివాలయ ఉద్యోగులు తెస్తున్నారు. నడుమ ఎన్నికల వేళ, 2024 ఏప్రిల్, మే నెలలలో ఆ ఏర్పాటు ఆగి, మండుటెండలో సచివాలయముల యెదుట, బ్యాంకుల యెదుట ముసలివారు పడిన యాతన మనమందరము చూచినాము. ఇంటికి తెచ్చి ఇచ్చుట ఎంత మేలో ఆ రెండు నెలలలో తెలిసినది. అయితే ఇంటికి వచ్చేది మంజూరైనవారి డబ్బు. మంజూరు దానంతటది ఎవరి ఇంటికీ రాదు. దానికోసము మనిషి కదలవలసినదే, కదలలేడు గనుకనే వానికి పింఛను కావాలి. బేతెస్ద కోనేటి దగ్గర ముప్పది ఎనిమిది ఏండ్లుగా పడియున్న రోగి ప్రభువుతో ఏమని మొరపెట్టుకొన్నాడో మీకు తెలుసు. నీళ్ళు అక్కడే ఉన్నవి. దింపే మనిషి లేడు.

ఆ దింపే మనిషికి మన మూడు ఊళ్ళలోను పని ఉన్నది. మదనపల్లె టమోటా మార్కెట్టులో, చేలలో జీవితమంతా కూలి చేసిన వారిని ‘అవ్వా, నీ వయసెంత?’ అని అడిగితే ‘నాకేం తెలుసు నాయనా, కరువు వచ్చిన ఏడు పుట్టినానంట’ అంటారు. ఆధార్ తీసిననాడు అక్కడ కూర్చున్న పిల్లవాడు ముఖము చూచి ఒక సంవత్సరము వేసినాడు. డెబ్బది ఏండ్ల మనిషి కార్డులో యాబది ఎనిమిది. పుట్టిన తేదీని ఆధార్‌లో సాధారణముగా ఒక్కసారే మార్చుకోనిస్తారు, కాబట్టి తొందరపడి తప్పు తేదీ వేయించుకొంటే మరల దారి మూసుకొంటుంది. ఇక్కడ మనకొక ఆస్తి ఉన్నది. మన ఆలయములలో బీరువా అడుగున బాప్తిస్మపు రిజిస్టర్లు, మిషను బడుల ప్రవేశ రిజిస్టర్లు పడియున్నవి. బాప్తిస్మపు పుస్తకము చూపిన వెంటనే ఆధార్ మారిపోతుందని నేను అనను. ఆమె నిజమైన వయసెంతో, ఏ బడిలో ఏ తరగతి చదివినదో తెలిస్తే, దానినిబట్టి చెల్లే కాగితమును వెదకవచ్చును. చెదలు తినకముందే వాటిని దించి చూడండి.

అరిగిన వ్రేళ్ళకు వేలిముద్ర పడక తిరిగిపోయేవారున్నారు. కంటిపాపతో, ముఖముతో గుర్తించే పద్ధతులున్నవి. అడిగేవాడు పక్కన ఉంటే ఆ పద్ధతి వెంటనే గుర్తుకు వస్తుంది, అవ్వ ఒంటరిగా ఉంటే ‘రేపు రా’ అన్న మాట వస్తుంది.

కుప్పమువారి చిక్కు మరొకటి. అక్కడ మూడు రాష్ట్రముల పొలిమేర. ఇంట్లో తమిళమో కన్నడమో మాట్లాడి, తెలుగు చదవలేని పెద్దవారు మన సంఘములలోనే ఉన్నారు. నోటీసు తెలుగులో వస్తుంది. గ్రీకు భాష మాట్లాడిన ఆ విధవరాండ్రు నాకు జ్ఞాపకము వచ్చుట ఇందువలననే. పైగా కొడుకులు, కూతుళ్ళు బెంగుళూరులో పనిచేస్తారు. మనుమల కోసము ముసలివారు రైలెక్కి పోయి నెలల తరబడి అక్కడే ఉండిపోతారు. 2024 చివరి నుండి రెండు నెలలు తీసుకోకపోయినా మూడవ నెలలో కలిపి తీసుకొనే వీలు ఇచ్చినారు. మూడవ నెల కూడ దాటితే ఆగిపోతుంది. ఈ ఒక్క సంగతి ఆరాధన ప్రకటనలలో చదివితే ఎన్నో ఇండ్లకు మేలు.

ఇక వికలాంగుల మాట. ప్రభుత్వపు కాగితములలో ఇప్పుడు విభిన్న ప్రతిభావంతులని వ్రాస్తున్నారు. పేరు గౌరవముగా మారినది, ఆఫీసు మెట్లు మారలేదు. పింఛనుకు మూలము సదరం పత్రము. వైకల్యము 40 శాతమునకు తగ్గరాదు. దానికి ముందుగా తేదీ తీసుకొని, ఆ రోజున ఆసుపత్రికి చేరి, డాక్టరు ముందు నిలబడవలెను. పుంగనూరు చుట్టుప్రక్కల పల్లె నుండి నడవలేని బిడ్డను తీసుకొని పోవలెనంటే ఆటో ఖర్చు, తల్లి కూలి, తండ్రి కూలి మూడూ పోతవి. ఆనాడు డాక్టరు లేడంటే మరొక రోజు.

2025లో ఈ పత్రములను మరల పరిశీలించినారు. ఆగస్టులో చాలామందికి అనర్హులని నోటీసులు వచ్చినవి, కలవరము లేచినది, అప్పీలు పెట్టుకొన్నవారికి పింఛను ఆపబోమని ప్రభుత్వము చెప్పవలసి వచ్చినది. దొంగ పత్రములు లేవని నేను అనను. ఉన్నవి, వాటిని తీసివేయుట న్యాయము. కాని ఆలోచించండి. దొంగ పత్రము సంపాదించగలిగినవాడు అప్పీలు కూడ చక్కగా వ్రాయించుకోగలడు. నిజముగా చూపులేనివాడే ఆ నోటీసులో ఏమున్నదో చదువుకోలేడు. ఎం.పి.డి.ఓ.కు గాని, మునిసిపల్ కమిషనరుకు గాని అప్పీలు ఇవ్వవచ్చునని వానికి ఎవరు చెప్పాలి?

‘మనము అడుక్కొనేవారము కాము’ అని మానుకొన్న కుటుంబములు మన సంఘములలో ఉన్నవి. పాతకాలపు బడిపంతుళ్ళ, బైబిలు స్త్రీల ఇండ్లు. వారి అభిమానము నాకు అర్థమవుతుంది. అయితే ఇది భిక్ష కాదు, మతముతో నిమిత్తము లేదు. ఆదాయము, పొలము, కరెంటు వాడకము, నాలుగు చక్రముల బండి, ఇటువంటి కొలతలున్నవి. వాటికి లోబడినవారికి ఇవ్వవలసినది. ఊరి పాలకులకు కూడ ఇది దయతో చేసే పని కాదు. 73, 74వ రాజ్యాంగ సవరణలు పంచాయతీల, మునిసిపాలిటీల పనులను వ్రాసిన పట్టికలలో వికలాంగుల సంక్షేమమును కూడ చేర్చినవి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము పేదరిక నిర్మూలన పథకములలో 5 శాతము వారికి కేటాయించమన్నది. గ్రామసభలో లేచి ఆ 5 శాతము ఎక్కడ అని అడిగిన సంఘ పెద్దను నేనింతవరకు చూడలేదు. అడగబోయే ముందు మన ఆలయపు మెట్లకొక వాలుదారి కట్టించుకొందము. నాలుగు బస్తాల సిమెంటు పని.

ఇంటి లోపలి సంగతి కూడ ఒకటి చెప్పాలి, కష్టముగా ఉన్నా. ఇల్లు కొడుకు పేర వ్రాయించి, తరువాత వరండాలో పడియున్న తలిదండ్రులు లోకములోనే కాదు, మన బల్లల మీద కూడ ఉన్నారు. 2007 నాటి తలిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టము ప్రకారము రెవెన్యూ డివిజను అధికారి వద్ద ట్రిబ్యునల్ ఉన్నది. మదనపల్లెలో ఆ కార్యాలయమున్నది, 2022 నుండి కుప్పములోను ఉన్నది. వకీలు అక్కరలేదు. నెలకు పది వేల వరకు పోషణ ఇప్పించవచ్చును. చూచుకొంటామన్న షరతు మీద ఆస్తి వ్రాయించుకొని మాట తప్పితే ఆ దస్తావేజును రద్దు చేయవచ్చును. అయ్యగారు ముందుగా ఆ కొడుకును కూర్చోబెట్టి మాట్లాడవలెను. వినకపోతే చట్టపు దారి చూపుటకు వెనుకాడరాదు. 14567 అన్న వృద్ధుల సహాయపు ఫోను నంబరు ఆలయపు గోడ మీద పెద్ద అక్షరములతో వ్రాయించండి.

క్షయ రోగిని ఇంట్లో ఉంచుకొనుటకు జనము భయపడిన కాలములో మిషనులన్నీ కలిసి మదనపల్లె దగ్గర ఆరోగ్యవరము కట్టించినవి. దానికి భవనములు, డాక్టర్లు, దూరదేశపు ధనము కావలసి వచ్చినది. ఇప్పుడు నేనడిగే పనికి అవేవీ అక్కరలేదు. బహుశా దీనికి శిలాఫలకము పడదు గనుక మనము దీనివైపు చూడడము లేదేమో!

ప్రతి పాస్టరేటులో ఇద్దరిని, ఒక స్త్రీని, ఒక యౌవనస్థుని, ఈ పనికి పేరు పెట్టి నియమించమని నా మనవి. వారి దగ్గరొక పుస్తకము ఉండవలెను. అరువది దాటినవారి పేర్లు, వికలాంగుల పేర్లు, పింఛను వస్తున్నదా లేదా, రాకపోతే ఏ కాగితము దగ్గర ఆగినది. భూస్థాపన చేసే అయ్యగారికి మరణము అందరికంటె ముందు తెలుస్తుంది. ఇరువది ఒక్క దినములలో మరణము నమోదు చేయిస్తే ఖర్చు లేదు. పింఛను పొందుతూ భర్త చనిపోతే భార్యకు ఇచ్చే ఏర్పాటు 2024 చివరిలో వచ్చినది, దానికి ఆ పత్రము కావాలి. సమాధి తోటలోనుండి తిరిగి వచ్చేటప్పుడే ఆ మాట ఎత్తితే కొందరికి కటువుగా తోచవచ్చును. మూడవ దినపు కూటములో ఎత్తండి, ఆలస్యము చేయవద్దు.

నియామకములు ఈ నెలలోనే జరిగితే మొదటి పని సులభము. వచ్చే ఆదివారము ఆరాధన కాగానే ఆ ఇద్దరు వసారాలో బల్ల వేసుకొని కూర్చొంటారు. ఆధార్ కార్డు, బియ్యపు కార్డు, సదరం పత్రము ఉంటే అది, వచ్చిన నోటీసు ఏదైనా ఉంటే అది తెచ్చుకొనమని చెప్పండి. నడవలేనివారు రానక్కరలేదు, పేరు, వీధి చెప్పి పంపితే చాలు, సాయంత్రము వారి ఇంటికే వెళ్తారు.