జాబులోని మాట, జవాబులోని మాట

జాబు వ్రాయుటకు మన పెద్దలు కొన్ని మర్యాదలు నేర్పిరి. మొదట క్షేమము, పిమ్మట ఉభయకుశలోపరి, చివర సంతకము. జవాబు వ్రాయువారు వచ్చిన జాబును ప్రక్కన పెట్టుకొని, “తాము ఫలానా సంగతి అడిగితిరి, దానికి మనవి యేమనగా” అని మొదలుపెట్టెడివారు. వచ్చిన జాబునంతను తన చేతితో మరల ఎత్తివ్రాసి త్రిప్పి పంపినవానిని మేము చూడలేదు. అంత ఓపిక ఎవరికి?

ఈమెయిలు వచ్చి ఆ ఓపికతో పని లేకుండ చేసినది. రిప్లై అను మీట నొక్కినంతనే వచ్చిన ఉత్తరమంతయు జవాబు క్రింద తనంత తాను వచ్చి చేరును. పదిమంది కలసి ఒక విషయము చర్చించునపుడు పదవ జవాబునకు తొమ్మిది ఉత్తరములు తోకగా వ్రేలాడుచుండును. “సరే” అను రెండక్షరముల క్రింద నాలుగు పుటలు!

ఈ చిక్కు నేటిది కాదు. ఇంటర్నెట్టులో పాటింపవలసిన మర్యాదలను గూర్చి 1995 అక్టోబరులో ఆర్.ఎఫ్.సి. 1855 అను పత్రము వెలువడినది. ఇంటెల్ సంస్థలోని శాలీ హాంబ్రిడ్జ్ దానిని కూర్చిరి. జవాబు వ్రాయువారు మూలోత్తరములోని సారమును పైభాగమున క్లుప్తముగా చెప్పవలెను, లేదా సందర్భము తెలియుటకు చాలినంత మాత్రమే ఉదహరింపవలెను అని అందున్నది. సంతకము నాలుగు పంక్తులు మించరాదని కూడ ఉన్నది. నిమిషముల లెక్కన పైకము చెల్లించి ఉత్తరములు చదువుకొనువారు అప్పుడు అనేకులు. నేడు ఆ ఖర్చు లేదు గనుక ఆ మర్యాదయు అక్కరలేదని కొందరందురు. మాకది సమ్మతము కాదు. చదువరి కన్నులకు శ్రమ లేదా? కొన్ని మెయిళ్లలో ఈ తోక మూడు చుక్కల చాటున దాగియుండును. దాగుట వేరు, లేకపోవుట వేరు.

ఎదుటివారి మాట ఇదియని తెలుపుటకు పంక్తి మొదట బాణపు మొన వంటి గుర్తు నుంచుట పాత అలవాటు. ఒక ముక్క ఎత్తి చూపి దాని క్రింద జవాబు, మరియొక ముక్క, దాని క్రింద మరల జవాబు. ఇది మన వ్యాఖ్యాతలు ఎరుగని పద్ధతి కాదు. మెదకు సీమలోని కొల్చారమునకు చెందిన మల్లినాథసూరి కాళిదాసు శ్లోకములలోని పదములను ఒక్కొక్కటిగా గైకొని వ్యాఖ్య నడపెను. అపేక్షితము కానిది చెప్పనని ముందుగనే మాట ఇచ్చెను. ఇద్దరి నడుమ చిన్న సంగతియైనచో పైననే ఒక వాక్యము వ్రాసి పంపిన దోషము లేదు. పలువురు చేరిన చర్చలో మాత్రము అది తగదు.

ఆ పత్రములోనే మరియొక మాట ఉన్నది. ఇతరుల ఉత్తరమును మరల పంపునపుడు కుదింపవచ్చును గాని పదములు మార్చరాదు. ఎవరి మాటయో తెలుపవలెను. కుదించుటలోనే అసలు చిక్కు.

కొన్ని యేండ్ల క్రిందట మా కార్యాలయమున జరిగినది చెప్పుదుము. చెరువు నీటి పంపకమును గూర్చి మాటలాడుటకు ఒక వృద్ధుని పిలువవలెనని ఈమెయిలులో చర్చ నడచినది. సహోద్యోగి ఒకరు, “ఆయన గొంతు వణకుచున్నది, అయినను ఈ సంగతి ఆయన వలె చెప్పగలవారు వేరొకరు లేరు, పిలువవలసినదే” అని వ్రాసిరి. మేము తొందరలో జవాబిచ్చుచు మొదటి ముక్క మాత్రము నిలిపి తక్కినది తుడిచివేసితిమి. తుడిచిన చోట చుక్కలైన ఉంచలేదు. పిమ్మట మూడు దినములు అందరు గొంతును గూర్చియే వాదించిరి. ఆ సహోద్యోగియే వలదన్నారని అందరి నమ్మకము. తుదకు పిలుచుటకే నిశ్చయమైనది. ఆహ్వానమును క్రొత్త ఉత్తరముగా వ్రాయక, ఆ చర్చకే జోడించి ఎవరో పంపిరి.

వృద్ధుడు మూడు చుక్కలను నొక్కి చివరివరకు చదివినాడు. ఆయన జవాబున తోక లేదు. “గొంతు వణకుచున్నది” అను ఒక్క పంక్తిని, వ్రాసినవారి పేరుతో సహా ఉంచి, క్రింద ఇట్లు వ్రాసెను: “నిజమే. పదునైదు నిమిషములకు బదులు పది చాలును. తేదీ తెలుపగలరు.”

ఆ సాయంకాలమే మూలోత్తరమును ఏమియు తుడువక ఆయనకు పంపి, కత్తిరించినది మేమేయని వ్రాసితిమి. ఆయన వచ్చి పదునైదు నిమిషములును మాటలాడిరి. మా సహోద్యోగి ఆ దినమున సెలవు పెట్టిరి.