ఒకే నూలుకు రెండు పద్దులు



మగ్గాల ఇళ్లలో పుట్టి, ఇప్పుడు కంప్యూటర్ల ముందు కూర్చున్నవాళ్లం మేము. "అక్కడ మీరు చేసే పనేంట్రా?" అని ఇంట్లో పెద్దవాళ్లు అడుగుతూనే ఉంటారు. ఒక ఉదాహరణతో చెప్తాం.

కంప్యూటర్ లోపల అన్ని పనులూ పంచిపెట్టే మేస్త్రీ లాంటిది కెర్నెల్. లైనక్స్ అలాంటిదే, మన ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ అదే ఉంది. మెమరీ చాలకపోతే కెర్నెల్ అందులోని కొంత సరుకును డిస్కు మీదికి మార్చగలదు. పాస్‌వర్డ్ లాంటి రహస్యం అలా డిస్కుకెక్కకూడదు కదా! అందుకే ఆ భాగానికి తాళం వేయమని ప్రోగ్రామ్ అడుగుతుంది. ఒక్కరే అంతా పట్టుకోకుండా దానికో హద్దు. అప్పట్లో మామూలుగా 64 కిలోబైట్లు, అంటే 4 కిలోబైట్ల పేజీలు 16.

తప్పు లెక్కలో ఉంది. ఒక ప్రోగ్రామ్ 10 పేజీలకు తాళం వేసిందనుకుందాం. తర్వాత ఆ పదీ కలుపుకొని 12 పేజీలకు అడిగింది. నిజానికి మొత్తం 12 మాత్రమే. కెర్నెల్ మాత్రం 10కి 12 కూడి 22 అనుకుని, "హద్దు దాటావు, కుదరదు" అనేది. షావుకారు ఇచ్చిన నూలుకే రెండోసారి పద్దు రాసి, "ఇంకా ఇవ్వను, నీ బాకీ ఎక్కువైంది" అన్నట్టు!

ప్రత్యేక అధికారం ఉన్న ప్రోగ్రాములకు ఈ హద్దే వర్తించదు. కాబట్టి దెబ్బ తగిలింది మామూలువాటికే.

2016 డిసెంబరులో వచ్చిన లైనక్స్ 4.9లో దీన్ని సరిచేశారు. హద్దు పెంచలేదు, లెక్క దిద్దారు. మొత్తం హద్దు దాటినట్టు కనిపిస్తేనే, అడిగిన భాగంలో ఇదివరకే తాళం ఉన్న పేజీలెన్నో చూసి వాటిని తీసేస్తారు. దాటకపోతే వెతికే పనే లేదు. పోగు తెగినచోటే కదా మనమూ మగ్గం ఆపి ముడేస్తాం!

లైనక్స్ మూలం అందరికీ తెరిచి ఉంది. తప్పు చూసినవాళ్లు ఎవరైనా దిద్దుబాటు పంపొచ్చు; పెద్దలు పరిశీలించి చేర్చుకుంటారు. మన పిల్లలూ పంపొచ్చు. పద్దు పుస్తకంలో ఒక్క చిలప తేడా వచ్చినా పట్టుకునే ఇళ్లు మనవి. ఆ చూపు వాళ్లకు నేర్పండి, మిగతా చదువుకు మేము తోడుంటాం.